దూరపు నీటికి మేత చేర్చుట

విశాఖ ఆటోనగరు యంత్రశాలలకు అనతిదూరముననే మేఘాద్రిగెడ్డ జలాశయము గలదు. ఇట్టి విశాలజలములందు చేపలు తరచు గట్టునకు దూరముగా మేయుచుండును గనుక, గాలమునకు ముందే అచ్చటికి మేత చేర్చుటయే, అనుమతి గలచోట వేటాడువారికి, నా దృష్టిలో అసలు విద్య. తవుడును వేరుసెనగచెక్క పొడిని కొలదికొలదిగా తడిపి, పిడికిట బిగించిన నిలిచి, బొటనవ్రేల నదిమిన విడిపోవునట్లు, నిమ్మపండంత యుండలు కట్టి, రబ్బరు పంగలకర్రతో విసరవలెను. తడి చాలనిచో ఉండ గాలిలోనే చెదరును. బొచ్చె పైనీటను, శీలావతి నడిమినీటను, ఎర్రమోసు అడుగునను మేయును గావున, బొచ్చెకై వదులుగాను, మోసుకై గట్టిగాను ఉండ చుట్టుట యుక్తము. ఎదుటిగట్టున నొక చెట్టును గుర్తించి, ఉండలన్నియు ఆ సూటినే పంపి, పిమ్మట గాలమును అచ్చటనే వేయుడు.