వీడియోలో వాంగ్మూలం: మనం తెలుసుకోవలసిన సంగతులు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో సామాజిక కార్యాచరణ కమిటీ తరపున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పులు, స్త్రీనిధి లెక్కలు కోశాధికారి గారు ఇప్పుడే చదివి వినిపించారు. మేము లెక్కల పుస్తకంలో ఎక్కని సంగతి ఒకటి చెప్తాం. ఈ ఏడాది మేము కొందరు సభ్యులకు తోడుగా పోలీస్ స్టేషన్‌కి, కోర్టుకి వెళ్ళాం. వెళ్ళిన చోటల్లా ఒకటే భయం చూశాం. "అక్కా, మనం చెప్పేది ఫోన్‌లో వీడియో తీస్తారంట. అది ఊరంతా తిరిగితే నా బతుకేం కాను?" అని అడుగుతున్నారు. ఆ భయంతో కేసే వద్దనుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే దీని గురించి మాట్లాడాలనుకున్నాం.

2024 జూలై 1 నుంచి మన దేశంలో కొత్త చట్టం నడుస్తోంది. దాని పేరు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. పోలీసులు సాక్షి చెప్పేది వీడియోలో కూడా తీసుకోవచ్చని అందులో ఉంది. అత్యాచారం కేసులో బాధితురాలు స్టేషన్‌కి పోనక్కరలేదు. ఆమె ఇంట్లోగాని, ఆమె కోరిన చోటగాని వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా పోలీసు అధికారే తీసుకోవాలి. తల్లిదండ్రులో, దగ్గర బంధువులో, ఆ ప్రాంతపు సామాజిక కార్యకర్తో పక్కన ఉండాలి. దాన్ని సెల్‌ఫోన్‌లో కూడా రికార్డు చేయవచ్చు. సాక్షిగా పిలిచినా సరే, ఆడవాళ్ళను ఉన్న చోటు వదిలి రమ్మని పోలీసులు బలవంతపెట్టకూడదు.

వీడియో వల్ల మనకేం లాభం అని అడుగుతారు. ఒక సంగతి చెప్తాం. ఊరు, పేరు చెప్పం, చెప్పకూడదు కూడా. చెవులు వినపడని, మాట రాని ఒక చెల్లి మీద అఘాయిత్యం జరిగింది. "మాటే రాని మనిషి సాక్ష్యం ఏం చెబుతుంది?" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. కానీ ఇలాంటి నేరాల్లో వికలాంగురాలైన బాధితురాలి ఫిర్యాదు ఆమె ఇంటి దగ్గరగాని, ఆమె కోరిన చోటగాని, సైగలు తెలిసిన దుబాసీ సమక్షంలో తీసుకోవాలని, వీడియో తీయాలని చట్టంలోనే ఉంది. ఆ విధంగానే జరిగింది. కాగితం మీదైతే దుబాసీ చెప్పిన తెలుగే పడుతుంది. వీడియోలో ఆ చెల్లి చేతులు కనపడతాయి. రేపు ఎవరైనా "ఆమె అలా చెప్పలేదు" అంటే, ఇంకో దుబాసీ ఆ వీడియో చూసి నిజం తేల్చవచ్చు. ఆమె చేతులే ఆమె మాట కదా! మేజిస్ట్రేట్ దగ్గర ఇలాంటివారు ఇచ్చిన వాంగ్మూలాన్ని కోర్టులో మొదటి విచారణ సాక్ష్యం కింద లెక్కిస్తారు. మళ్ళీ మొదటినుంచి అంతా చెప్పనక్కరలేదు. ఎదుటి లాయరు ప్రశ్నలకు మాత్రం జవాబు చెప్పాలి.

మాట వచ్చిన మనకు కూడా ఇది అవసరమే. మనం ఒకటి చెప్తే కాగితం మీద అది రాసేవాళ్ళ భాషలోకి మారిపోతుంది. వీడియోలో మన మాట మనదిగానే ఉంటుంది. అయితే వీడియో ఉంది కాబట్టి కేసు గెలిచినట్టే అనుకోవద్దు. పోలీసుకి చెప్పింది వేరు, కోర్టులో చెప్పే సాక్ష్యం వేరు. మిగతా కేసుల్లో కోర్టులో మళ్ళీ చెప్పాల్సిందే.

తోడు వెళ్ళే సభ్యులు ఈ మాటలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి. పక్కన కూర్చోండి, మంచినీళ్ళు ఇవ్వండి, అంతే. మధ్యలో అందించవద్దు. వీడియోలో మన గొంతు పడితే "సంఘం వాళ్ళు నేర్పించారు" అంటాడు ఎదుటి లాయరు.

రెండు. ఏ భాషలో ఏడుస్తామో ఆ భాషలోనే చెప్పమనండి. తెలియనిది తెలియదనే చెప్పాలి.

మూడు. పోలీసు రాసుకున్న సాక్షి వాంగ్మూలం మీద సంతకం పెట్టనక్కరలేదు. ఎఫ్‌ఐఆర్ మీద మాత్రం చదివించుకొని, విని, సంతకం చేయాలి. దాని కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

నాలుగు. అక్కడ మన ఫోన్ తీయవద్దు. లైంగిక నేరాల్లో బాధితురాలు ఎవరో తెలిసేలా బయటపెడితే రెండేళ్ళ దాకా జైలు పడుతుంది. జాలితో వాట్సాప్ గ్రూపులో పెట్టినా నేరం నేరమే. ఊరంతా తిరుగుతుందన్న భయానికి మనమే కారణం కాకూడదు.

ఐదు. దెబ్బల వీడియోలాంటిది ముందే మన ఫోన్‌లో ఉంటే చెరపవద్దు, కత్తిరించవద్దు. ఆ ఫోన్ కూడా జాగ్రత్తగా ఉంచండి. కోర్టులో చూపించాలంటే దానికి సర్టిఫికెట్ కావాలి, లాయరును అడగండి.

లాయరుకి డబ్బు ఎక్కడిది అని వెనక్కి తగ్గవద్దు. ఆదాయం ఎంతున్నా సరే, ఆడవాళ్ళకు న్యాయ సేవల చట్టం కింద లాయరును ఉచితంగా ఇస్తారు. 15100 కి ఫోన్ చేయండి. ఆపదలో 181, పిల్లల విషయమైతే 1098.

మా కమిటీ కోరేది ఒక్కటే. ప్రతి గ్రామ సంఘం ఇద్దరు సభ్యుల్ని ఎంచి వచ్చే నెల సమావేశానికి పంపండి, వాళ్ళకి ఇవన్నీ నేర్పిద్దాం. అప్పు కిస్తీ కట్టలేని చెల్లికి హామీగా నిలబడుతున్నాం. నోరు విప్పాల్సిన రోజున కూడా ఆ చెల్లి పక్కన కూర్చుందాం.