ప్రమాదం కేసుకు గడువు ఆరు నెలలే
(సత్తెనపల్లి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిరపకోతల రోజుల్లో మన రోడ్ల సంగతి మీకు తెలియనిది కాదు. కూలీలతో కిక్కిరిసిన ఆటోలు, గుంటూరు యార్డుకు టిక్కీలు మోసుకుపోయే లారీలు. ప్రమాదం జరిగితే ఆసుపత్రి, పోలీసు స్టేషను గుర్తుకొస్తాయి గానీ, నష్టపరిహారం అడగడానికి గడువుందని గుర్తుకురాదు. "కట్టు విప్పనీ, బిల్లులన్నీ చేరనీ, అప్పుడు చూద్దాం" అంటారు. ఈలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

1988 మోటారు వాహనాల చట్టం, 166వ సెక్షనులో, ఆరు నెలల గడువు పెట్టింది. తగిన కారణం చూపితే ఏడాది లోపు దరఖాస్తును ట్రిబ్యునలు మన్నించవచ్చు. 1994 నవంబరు 14 నుంచి ఆ గడువును తీసివేశారు. అందుకే "ప్రమాదం కేసుకు గడువు లేదు" అన్న మాట జనంలో నాటుకుపోయింది. కానీ 2019 సవరణ ఆరు నెలల గడువును మళ్ళీ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆలస్యాన్ని మన్నించే పాత వెసులుబాటు ఈసారి సెక్షనులో లేదు.

దీనిపై వేసిన వ్యాజ్యాలలో, గడువు దాటిందన్న కారణంతో దరఖాస్తులు కొట్టివేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతర ఉత్తర్వు తుది తీర్పు కాదు. దాన్ని నమ్ముకుని కూర్చోవడం క్షేమం కాదు.

లెక్క ప్రమాదం జరిగిన రోజు నుంచి మొదలవుతుంది. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయాల సర్టిఫికెట్టు, వాహనం నంబరు, ఇన్సూరెన్సు వివరాలు సేకరించి ముందు దరఖాస్తు పెట్టాలి. తరువాతి వైద్యం బిల్లులు విచారణలో దాఖలు చేయవచ్చు. ప్రమాదం ఎక్కడో జరిగినా, బాధితుడు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లోనే వేయవచ్చు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

గుద్దిన బండి ఏదో తెలియకపోతే, 2022 పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు నిర్ణయించారు. ఆ దరఖాస్తు రెవెన్యూ డివిజను అధికారికి పెట్టాలి.

అన్ని కేసులకూ ఒకటే గడువు కాదు. రైలు ప్రమాదమైతే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో ఒక సంవత్సరం. వైద్యుడి నిర్లక్ష్యంపై వినియోగదారుల కమిషనుకు రెండు సంవత్సరాలు.

మిత్రులారా, లైఫ్ సర్టిఫికెట్టు తేదీ మనకు ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. ఉద్యోగమంతా ఫైళ్ళతో, తేదీలతో గడిపినవాళ్ళం. మంచాన పడిన కూలీకి ఆ అలవాటు లేదు. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే వెళ్ళి, ప్రమాదం తేదీ, దానికి ఆరు నెలల తేదీ ఒక కాగితం మీద రాసి వారి చేతికివ్వండి. దరఖాస్తు రాయడంలో సాయపడండి. మన అనుభవానికి అంతకన్న మంచి వినియోగం లేదు.