మలావీ మొక్కజొన్న పక్కన కంది

ఆగ్నేయ ఆఫ్రికాలోని మలావీలో భోజనమంటే న్సీమా. తెల్ల మొక్కజొన్న పిండిని మరిగే నీళ్లలో కెలికి చేసే ముద్ద.

ఆ పంట పోతే ఇంటిల్లిపాదికీ పస్తే. 2005లో కరవు దెబ్బతీశాక ప్రభుత్వం చిన్నరైతులకు కూపన్లు పంచి, ఎరువులు, విత్తనాలు చవగ్గా ఇచ్చింది. దిగుబడి పెరిగింది, ఖజానా మీద భారమూ పెరిగింది.

పరిశోధకులు ఇంకో దారి కూడా చూపారు: వేరుశనగలో కంది కలిపి వేయడం. కంది మొదట్లో నిదానంగా ఎదుగుతుంది కాబట్టి వేరుశనగకు ఎండ తగులుతుంది. వేరుశనగ పీకాక కంది ఏపుగా పెరిగి, ఆకు రాల్చి నేలకు నత్రజని ఇస్తుంది. మరుసటి ఏడు అక్కడే మొక్కజొన్న.

హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరు ప్రధాన కేంద్రంగా ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మలావీ రాజధాని లిలాంగ్వే దగ్గరి చిటెడ్జెలో ఈ రెండు పంటల మీదా పనిచేశారు. కందికి బయటి మార్కెట్ కూడా దొరికింది: 2021 నాటి ఒప్పందం ఏటా 50 వేల టన్నుల మలావీ కందులు దిగుమతి చేసుకునే వీలు భారత్‌కు కల్పించింది.