కేంద్రము తప్పించి కొయ్యబొమ్మను తీర్చుట
(ప్రసంగ పాఠము)



తరిమెన పట్టిన వస్తువు గుండ్రముగా నుండుట సహజము. కుంకుమ బరిణె, బొంగరము, మంచపుకోడు, అప్పడాల కర్ర ఇందుకు దృష్టాంతములు. రెండు మొనల నడుమ బిగించిన కొయ్య తన యిరుసుపై తిరుగుచుండగా పనివాడు ఉలి నానించును. ఇరుసునకు ఉలి యెంత దూరమున నిలిచినదో అంతవరకు కొయ్య నలువైపుల సమముగా తరుగును. కావుననే తరిమెనకు గుండ్రదనము తప్ప వేరొండు తెలియదని పలువురు తలంతురు. అట్లయినచో నడుము వంచి నిలిచిన వనితయు, మెడ ప్రక్కకు వాల్చిన పక్షియు తరిమెనపై రూపొందుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగ విషయము.

ఆంధ్రదేశమున కొయ్యబొమ్మలకు కొండపల్లి, ఏటికొప్పాక గ్రామములు ప్రసిద్ధములు. కొండపల్లివారు తెల్లపొణికి కొయ్యను చేతితో చెక్కి, అవయవముల నతికి, రంగులు వేయుదురు. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకవారిది తరిమెన పని. అంకుడు కొయ్య మెత్తనిది, సన్నని పోగు గలది. దానిని తరిమెనపై తీర్చి, రంగు కలిపిన లక్కకణికను తిరుగుచున్న బొమ్మకు ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు పట్టును. పిదప మొగలి ఆకుతో మెరుగు పెట్టుదురు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. పసుపు, నీలి మొదలైన ప్రకృతిసిద్ధ వర్ణములను మరల వాడుకలోనికి తెచ్చుటకు కృషిచేసిన సి. వి. రాజుగారిని భారత ప్రభుత్వము 2023లో పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది.

తల, మొండెము మున్నగు భాగములను వేర్వేరుగ తరిమెన పట్టి అతుకుట ఒక మార్గము. ఇందు ప్రతి భాగమునకు కేంద్రము దాని నడుమనే యుండును. రెండవ మార్గము కేంద్రమునే జరుపుట. దీనికి కొత్త యంత్రమక్కరలేదు. కొలబద్ద, వృత్తలేఖిని, నిదానము చాలును.

మొదట కొయ్యను నిజకేంద్రముపై గుండ్రముగా తీర్చవలెను. పిదప రెండు కొసలయందును కేంద్రము చుట్టు చిన్న వృత్తము గీచి, దానిపై కావలసిన గురుతులు పెట్టవలెను. తరిమెన మొనలను నిజకేంద్రమునుండి తీసి యీ గురుతులలో నాటినచో ఇరుసు మారును. అప్పుడు కొయ్య ఒకవైపు ఎక్కువగను, వేరొకవైపు తక్కువగను పొడుచుకొనివచ్చి తిరుగును. ఉలికి ప్రతి చుట్టులో కొంతసేపు కొయ్యయు, కొంతసేపు గాలియు తగులుచుండును.

ఒక లెక్క చూడుడు. 50 మిల్లీమీటర్ల వ్యాసము గల కొయ్యలో కేంద్రమును 5 మిల్లీమీటర్లు జరిపితిమనుకొందము. క్రొత్త యిరుసునుండి ఒకవైపు అంచు 20, ఎదుటివైపు అంచు 30 మిల్లీమీటర్ల దూరమున నుండును. ఉలిని 25 వద్ద నిలిపినచో దూరపుటంచున 5 మిల్లీమీటర్లు తరుగును. దగ్గరి యంచు చెక్కుచెదరదు. మరల కేంద్రమును ఎదుటి ప్రక్కకు అంతే జరిపి అట్లే తరిగినచో గుండ్రని కొయ్య 40 మిల్లీమీటర్ల మందము, సుమారు 49 మిల్లీమీటర్ల వెడల్పు గల పప్పుబద్ద యాకారము దాల్చి, ఇరుప్రక్కల అంచుదేరును. మూడు గురుతులు పెట్టినచో మూడు వంపు ముఖములు వచ్చును. పైకొసను కుడికి, క్రిందికొసను ఎడమకు జరిపినచో ఇరుసు ఏటవాలగును. ఆ భాగము వాలి నిలుచును. మొండెము నొక యిరుసుపైనను, తలను వేరొక యిరుసుపైనను తీర్చినప్పుడు బొమ్మకు వంపు, ఒయ్యారము కలుగును. అయితే గురుతులు గల కొసలను పని ముగియువరకు కోయరాదు. అవి పోయిన కొలత పోవును.

మూడవ మార్గము మరియు విచిత్రము. జర్మనీ దేశమున సాక్సనీ ప్రాంతపు కొండలలో జైఫెన్ అను గ్రామము కలదు. అచ్చటివారు తడి స్ప్రూసు దుంగనుండి కోసిన బిళ్లను తరిమెనపై చక్రమువలె తీర్తురు. చూచువారికది గాడులు పడిన చక్రమే. దానిని కేకును కోసినట్లు ముక్కలుగా చీల్చినచో ప్రతి ముక్కయందును గుఱ్ఱమో, ఆవో, ఏనుగో కనబడును. ఇచట ఇరుసు బొమ్మలో లేనే లేదు. బొమ్మకు వెలుపల, చక్రము నడుమ నున్నది. చీల్చువరకు కనబడని రూపమును ముందుగా మనసున నిలుపుకొని ఉలి నడపుట ఆ పనివారి నేర్పు.

కేంద్రము తప్పిన కొయ్యతో అపాయము లేకపోలేదు. బరువు ఒక ప్రక్కకు చేరుటచే తరిమెన అదరును. బిగింపు చాలనిచో కొయ్య ఎగిరి పనివానిని గాయపరచును. వేగమును సగము తగ్గించినచో కొయ్యను వెలుపలికి లాగు బలము నాల్గవ వంతున కిగును. కావున మందవేగమున ఆరంభింపవలెను. ఉలి ఆనించు దిమ్మకు కొయ్య తగులకుండునట్లు ముందొకసారి చేతితో త్రిప్పి చూడవలెను. పదునైన ఉలితో కొంచెము కొంచెముగా తరుగవలెను. లక్క పట్టించుటయు కష్టమే. కణిక తిరుగు బొమ్మను ఎడతెగక తాకదు. ఎత్తైన చోటనే తగిలి తక్కినచోట తప్పిపోవును. కావున ఒక్కొక్క ముఖమునకు దాని యిరుసుపైననే, కేంద్రము మార్చకముందే, రంగు పట్టించుట యుక్తము.

ఇంత శ్రమ యేల యని కొందరడుగవచ్చును. ఒకే తీరు గుండ్రని వస్తువులను యంత్రశాలలు వేలకొలది పోతపోయగలవు. వాటితో వెలయందు చేతిపనివాడు పోటీపడజాలడు. ముఖమొకతీరు, వంపొకతీరు గల బొమ్మ అతని చేతినుండియే రావలెను. అతని కూలి నిలుచుట దానిపై నాధారపడి యున్నది.

ఈ విద్య కొలతకు లొంగునది. కొలతకు లొంగునది వ్రాతకును లొంగును. ఫ్రాన్సు దేశమున ప్లూమియే అను పండితుడు తరిమెన పనిపై 1701లోనే పటములతో గ్రంథము ప్రకటించెను. లండనులో హోల్ట్‌జాప్‌ఫెల్ వంశీయులు 1843లో మొదటి సంపుటము వెలువరించి, క్రమముగా అయిదు సంపుటములు సమకూర్చిరి. కేంద్రము జరుపు విధానములు వాటియందు విపులముగా నున్నవి. తండ్రి చేతినుండి కొడుకు చేతికి మాత్రమే సాగు విద్య, కొడుకు వేరు వృత్తి చేపట్టిన నాడు ఆగిపోవును. మన పనివారి కొలతలు, గురుతులు, ఉలుల పేర్లు తెలుగున వ్రాయబడి, పటములతో గ్రామ గ్రంథాలయముల చేరినచో, తరిమెన ముందు ఎన్నడు కూర్చుండని బాలుడును ఒకనాడు దానిని చదివి ఉలి పట్టగలడు. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకు ఇంతకన్న తగిన పని యుండదు.