చచ్చిందని రాసేసిన మొక్క
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ కళాశాలలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. నాకిచ్చిన పది నిమిషాల్లో ఒక మొక్క కథ చెబుతాను.

అట్లాంటిక్ మహాసముద్రం నడుమ, భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన, బ్రిటిష్ పాలనలో అసెన్షన్ అనే అగ్నిపర్వత ద్వీపం ఉంది. అందులో 859 మీటర్ల ఎత్తయిన గ్రీన్ మౌంటెన్ అనే కొండ. ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఒక చిన్న ఫెర్న్ ఆ కొండ మీద ఉండేది. ఆకు మన కొత్తిమీరకు చుట్టమైన పార్స్లీని పోలి ఉంటుంది కనుక పార్స్లీ ఫెర్న్ అన్నారు. శాస్త్రనామం అనోగ్రామా అసెన్షనిస్.

నావికులు వదిలిన మేకలు దీవిలో పచ్చదనాన్ని మేసేశాయి. 1843లో జోసెఫ్ హుకర్ వచ్చి వెళ్లాక, ఆయన సలహాపై పైదేశాల మొక్కలు తెచ్చి నాటారు. అవి అల్లుకుపోయి స్థానిక మొక్కలకు చోటు లేకుండా చేశాయి. 1958 తరువాత ఈ ఫెర్న్ ఎవరి కంటా పడలేదు. 2003లో అంతరించిన జాతుల జాబితాలోకి ఎక్కించారు.

2009లో స్టెడ్సన్ స్ట్రౌడ్, ఫిల్ లాంబ్డన్ అనే ఇద్దరు ఆ కొండవాలు గాలిస్తుంటే బండ మీద ఈ మొక్క కనబడింది. ఉన్నవి నాలుగే!

ఫెర్న్‌కు పువ్వూ కాయా ఉండవు. ఆకు తిప్పి, అడుగున సిద్ధబీజాశయాలు ఎలా అమరాయో చూసి జాతి తేల్చాలి. ఈ జాతిలో అవి ఈనెల వెంట, పైన మూత పొర లేకుండా ఉంటాయి. ఏనాడో ఎవరో ఎండబెట్టి, పేరు రాసి దాచిన నమూనాల విలువ ఇలాంటప్పుడే తెలుస్తుంది.

ఎండకు అవి మాడిపోకుండా ఏటవాలు బండ దిగి నీళ్లు పోశారు. సిద్ధబీజాలున్న ఆకు ముక్కలను విమానంలో 24 గంటల్లోపు లండన్ క్యూ ఉద్యానానికి చేర్చారు. 2010 నాటికి అక్కడ 60 మొక్కలు పెరిగాయి.

మనమైతే ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం. ఆ ఫెర్న్ నోరులేనిది. దాని తరఫున ఇద్దరు కొండెక్కవలసి వచ్చింది. మన సభ్యుల్లోనూ మంచాన పడి సమావేశాలకు రాలేనివారున్నారు. చందా రాలేదని పేరు కొట్టివేసే ముందు, ఇద్దరం వెళ్లి తలుపు తట్టి వద్దామని కార్యవర్గానికి నా మనవి.

సెలవు.