ఆంగ్ల వ్యాకరణం: పదం రూపం, పదం చేసే పని



ఈ ప్రసంగంలో ఆంగ్ల వ్యాకరణంలోని భాషాభాగాలను గురించి తెలుసుకుందాం. భాషాభాగాలు ఎనిమిది అని మీరు చిన్న తరగతుల్లోనే చదువుకున్నారు. నామవాచకం అంటే ఏమిటి, విశేషణం అంటే ఏమిటి అని అడిగితే నిర్వచనాలు గడగడా చెప్పగలరు. కాని ఒక వాక్యం ఇచ్చి, అందులో ఫలానా పదం ఏ భాషాభాగమో చెప్పమంటే చాలామంది తడబడతారు. ఈ తడబాటు ఎందుకు వస్తుందో, దాన్ని ఎలా పోగొట్టుకోవాలో చూద్దాం.

ఈ పాఠాన్ని ముఖ్యంగా సూరత్‌లోని తెలుగు విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీలో చాలామంది తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి, లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడిన కుటుంబాల పిల్లలు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. ఇంట్లో తెలుగు, బజారులో గుజరాతీ, హిందీ. పై చదువులకు, మంచి ఉద్యోగానికి ఇంగ్లీషు. అందుకే ఉదాహరణలను మీ చుట్టూ జరిగే పనుల నుంచే తీసుకుంటాను.

ఒక పదం, రెండు పనులు

'ప్రింట్' అనే మాట మీకు బాగా తెలుసు. ఈ రెండు వాక్యాలు చూడండి.

ది ప్రింట్ ఈజ్ క్లియర్.
దే ప్రింట్ శారీస్.

మొదటి వాక్యంలో 'ప్రింట్' నామవాచకం. దాని ముందు 'ది' ఉంది. బహువచనంలో 'ప్రింట్స్' అవుతుంది. రెండో వాక్యంలో అదే మాట క్రియ. భూతకాలంలో 'ప్రింటెడ్' అవుతుంది, 'విల్ ప్రింట్' అని భవిష్యత్తులో చెప్పవచ్చు. చూడడానికి మాట ఒక్కటే. వాక్యంలోకి వచ్చేదాకా అది ఏ భాషాభాగమో చెప్పలేం. డై, ఆర్డర్, చెక్, రోల్ కూడా ఇలాంటివే.

రెండు ప్రశ్నలు, రెండు జవాబులు

ఇప్పుడు కొంచెం కష్టమైన ఉదాహరణ: 'కాటన్ శారీ'. ఇక్కడ 'కాటన్' ఏ భాషాభాగం? "నామవాచకం గుణాన్ని తెలిపేది విశేషణం కదా, కాబట్టి విశేషణం" అని మీరు అనవచ్చు. తొందరపడకండి. దాన్ని 'ఫైన్ శారీ'తో పోల్చి చూడండి. 'ఫైన్' అసలైన విశేషణం. 'వెరీ ఫైన్' అనవచ్చు, 'ఫైనర్' అనవచ్చు. 'వెరీ కాటన్' అనగలమా? అనలేం. అంటే 'కాటన్' నామవాచకంగానే ఉండి, విశేషణం చేసే పని చేస్తోంది. మగ్గం నడిపే కార్మికుడు ఒక రోజు లారీలోకి బేళ్లు ఎత్తినంత మాత్రాన హమాలీ అయిపోడు కదా!

ఇక్కడే అసలు విషయం ఉంది. ఒక పదం గురించి మనం రెండు వేర్వేరు ప్రశ్నలు అడగాలి. ఇది ఏ తరగతికి చెందిన పదం? ఈ వాక్యంలో ఏ పని చేస్తోంది? నామవాచకం, క్రియ, విశేషణం అనేవి మొదటి ప్రశ్నకు జవాబులు. కర్త, కర్మ, మరో పదాన్ని విశేషించడం అనేవి రెండో ప్రశ్నకు జవాబులు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే తికమక వస్తుంది. కొన్ని పాఠ్యపుస్తకాలు ఇలాంటి చోట 'కాటన్'ను విశేషణమనే అంటాయి. మీరు మాత్రం "విశేషణంలా పనిచేస్తున్న నామవాచకం" అని రాయండి. అందులో రెండు జవాబులూ ఉన్నాయి.

తెలుగుకూ ఇంగ్లీషుకూ తేడా

తెలుగులో పదం పని మారితే తరచు రూపం కూడా మారుతుంది. 'ఇల్లు' వేరొక నామవాచకం ముందుకు వస్తే 'ఇంటి పన్ను' అవుతుంది. 'ఊరు' కాస్తా 'ఊరి బావి' అవుతుంది. చిన్నయ సూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాల పేరుతో చెప్పినవి ఇలాంటి మార్పులే. ఇంగ్లీషులో 'హౌస్ టాక్స్' అన్నప్పుడు 'హౌస్' ఏమీ మారదు.

వాక్యంలోనూ అంతే. "దర్జీ సేఠ్‌ను పిలిచాడు" అన్నా, "సేఠ్‌ను దర్జీ పిలిచాడు" అన్నా అర్థం మారదు. పిలిపించుకున్నది ఎవరో 'ను' ప్రత్యయం చెబుతుంది. గుజరాతీలో 'నే' కూడా ఈ పనే చేస్తుంది. ఇంగ్లీషులో "ది టైలర్ కాల్డ్ ది ట్రేడర్" అనే వాక్యంలో పదాలు తారుమారు చేస్తే పిలిచినవాడే మారిపోతాడు. సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో మన విభక్తుల వంటి ప్రత్యయాలు ఉండేవి. క్రమంగా అవి రాలిపోయాయి. 'హి', 'హిమ్' వంటి సర్వనామాల్లో ఆ ఆనవాళ్లు మిగిలాయి. ప్రత్యయం చేసిన పనిని ఇప్పుడు చాలావరకు పదాల వరుస చేస్తోంది.

తెలుగులోనూ రూపాన్ని మాత్రమే నమ్మితే చాలదు. "నాన్న సూరత్‌కు వెళ్ళారు", "నాన్న అన్నకు డబ్బు పంపారు", "నాన్నకు జ్వరం వచ్చింది". మూడింటిలోనూ 'కు' ఉంది, పని మాత్రం మూడు రకాలు. మొదటిది చేరవలసిన చోటు. రెండోది డబ్బు అందుకునే మనిషి. మూడోది జ్వరం అనుభవించే మనిషి. 'కు' అంటే 'టు' అని బట్టీ పట్టిన విద్యార్థి మూడో వాక్యాన్ని కూడా 'టు మై ఫాదర్' అని మొదలుపెడతాడు. ఇంగ్లీషులో ఆ మనిషే కర్త: "మై ఫాదర్ హ్యాజ్ ఎ ఫీవర్". రూపాన్ని అనువదించకండి, పనిని అనువదించండి.

ఒక పని, మూడు రూపాలు

ఇప్పుడు వ్యతిరేక దిశలో చూద్దాం.

హి వర్క్స్ దేర్.
హి వర్క్స్ ఇన్ సూరత్.
హి వర్క్స్ వేర్ హిజ్ ఫాదర్ వర్క్డ్.

"ఎక్కడ పనిచేస్తాడు?" అనే ప్రశ్నకు మూడూ జవాబిస్తున్నాయి. మొదటిది ఒక్క పదం, క్రియావిశేషణం. రెండోది పదబంధం. మూడోది ఏకంగా ఒక ఉపవాక్యం. పని ఒకటే, రూపాలు మూడు. ఈ సంగతి పట్టుబడితే, పొడవైన వాక్యాలు చూసి మీరు భయపడరు.

భాషాభాగాల సంఖ్య కూడా అందరికీ ఒకటి కాదు. క్రీస్తు పూర్వం 100 ప్రాంతంలో గ్రీకు వ్యాకర్త డయొనీసియస్ థ్రాక్స్ పేరిట వచ్చిన గ్రంథం ఎనిమిదిగా విభజించింది. మన యాస్కుడు నిరుక్తంలో నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగే చెప్పాడు. అమెరికా భాషావేత్త చార్లెస్ ఫ్రీజ్ 1952లో, టెలిఫోన్ సంభాషణలను పరిశీలించి, నాలుగు పెద్ద తరగతులు, పదిహేను చిన్న గుంపులు చేశాడు. కాబట్టి సంఖ్య కన్నా గుర్తించే పద్ధతి ముఖ్యం.

గుర్తుంచుకోవలసినవి

ఒకటి, పదం చివర ఏ మార్పులు చేయగలమో చూడండి. ఇందులో కొంత జాగ్రత్త అవసరం. 'స్లోలీ' క్రియావిశేషణం, 'ఫ్రెండ్లీ' మాత్రం విశేషణం. రెండు, పక్కన ఏ పదాలు చేరగలవో చూడండి: 'ది', 'విల్', 'వెరీ' మంచి గీటురాళ్లు. మూడు, వాక్యంలో అది ఏ పని చేస్తోందో అడగండి.

ఇంటి దగ్గర ఈ మూడు వాక్యాలను ఇదే పద్ధతిలో పరిశీలించండి.

వీవింగ్ ఈజ్ హిజ్ వర్క్.
హి ఈజ్ వీవింగ్ ఎ శారీ.
ది ఓల్డ్ హెల్ప్ ది యంగ్.

మూడో వాక్యంలోని 'ఓల్డ్' గురించి బాగా ఆలోచించండి. 'ఓల్డ్స్' అనగలమా? 'ది వెరీ ఓల్డ్' అనగలమా? జవాబు మీకే తడుతుంది. నిర్వచనం మరిచిపోయినా ఫరవాలేదు, ప్రశ్న అడగడం మాత్రం మరిచిపోకండి. సెలవు.