తీగ చివర హక్కు

నేడు ఇండ్లలోని కంప్యూటరులు దేశదేశముల యంత్రములతో సంభాషించుచున్నవి. ఈ సంభాషణకు తొలిదారి చూపినది టెలిఫోను తీగ. ఆ తీగకు గృహయంత్రమును తగిలించుటలో రెండు చిక్కులుండెను.

మొదటిది శాస్త్రసంబంధమైనది. కంప్యూటరు ఎరిగినవి ఒకటి, సున్న అను రెండు గుర్తులే. టెలిఫోను మనుష్యకంఠమునకై ఏర్పడినది. కావున ఆ గుర్తులను రెండు స్వరములుగ మార్చి పంపి, ఆవలి కొసను మరల గుర్తులుగ గ్రహింపవలెను. ఈ పని చేయునదే మోడెము. పిలుచు యంత్రమునకొక స్వరముల జంట, బదులు పలుకు యంత్రమునకు వేరొక జంట. అందుచే రెండును ఏకకాలమున పలికినను కలగాపులగము కాదు.

రెండవ చిక్కు హక్కునకు సంబంధించినది. అమెరికాలో టెలిఫోను కంపెనీలు తమ తీగకు పరుల పరికరములను తగులనీయలేదు. థామస్ కార్టర్ అను టెక్సాస్ వర్తకుడు రేడియో సంభాషణను టెలిఫోనుతో కలుపు సాధనమును చేసి, దానికై పోరాడెను. 1968లో సమాచార వ్యవహారముల ప్రభుత్వ సంఘము ఆ నిషేధము చెల్లదనెను. అటుపిమ్మటను కంపెనీలు తమ రక్షణపరికరము నడుమ నుండవలెనని పట్టుపట్టెను. అందుచే పలువురు రిసీవరును రబ్బరు గిన్నెలలో బోర్లించి, ధ్వనిద్వారముననే పని జరుపుకొనిరి. 1970వ దశకమున ఆమోదము పొందిన పరికరములను నేరుగ తగిలించు నియమములు వచ్చెను.

ఆ తలుపు తెరువగనే చిన్నవారు ముందుకు వచ్చిరి. 1978 ఫిబ్రవరిలో చికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అను ఇరువురు, ఎవరైనను ఫోను చేసి సందేశములు చదివి వ్రాయదగు యంత్రమును నెలకొల్పిరి. ఒకసారికి ఒక్కరికే ప్రవేశము. 1979లో జార్జియా రాష్ట్రమునుండి డెన్నిస్ హేస్, డేల్ హెదరింగ్టన్‌ల మైక్రోమోడెమ్ టూ వెలువడెను. ఇది ఆపిల్ టూ యంత్రము లోపలి అరలో అమరు కార్డు. తానే నంబరు తిప్పును, తానే బదులు పలుకును. 1982లో కొమొడోర్ సంస్థ నూరు డాలరులలోపు వెలకు విక్‌మోడెమ్‌ను అమ్మెను. దానికి నంబరు తిప్పుట చేతకాదు. మనిషి తిప్పి, ఆవలి స్వరము వినబడగనే, రిసీవరు త్రాడును ఊడదీసి మోడెమునకు తగిలింపవలెను.

వేగమా, క్షణమునకు సుమారు 30 అక్షరములు! రెండు వేల అక్షరముల పుటకు నిమిషము దాటును. అయినను సామాన్యగృహస్థునకు అది చాలెను. నేర్పరులు యంత్రమును చేసిరి. కాని తీగ చివర ఏమి తగిలించుకొనవలెనో నిర్ణయించుకొను హక్కు లభింపనిచో, ఆ నేర్పు పెట్టెలోనే మిగిలియుండెడిది. నూతనసాధనములను గూర్చి తలంచునపుడు ఈ రెండవ సంగతిని మనము మరువరాదు.